పక్షవాతం తర్వాత నడకకూ మాటకూ లయ ఎలా తోడవుతుంది

మన ఇళ్ళల్లో ఫాలిజ్ పడిందంటాం, ఊళ్ళో పక్షవాతం అంటారు, ఆసుపత్రి కాగితం మీద స్ట్రోక్ అని రాస్తారు. మూడూ ఒకటే. మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళంలో గడ్డ అడ్డుపడుతుంది, లేదా నాళం చిట్లి రక్తం లోపల కారుతుంది. ఆ నాళం మీద ఆధారపడ్డ మెదడు భాగం దెబ్బతింటుంది. ఎడమ మెదడు దెబ్బతింటే కుడి కాలూ చెయ్యీ పడిపోతాయి, చాలామందికి మాట కూడా పోతుంది. కుడి మెదడు దెబ్బతింటే ఎడమ పక్క పడిపోతుంది.

ఇందులో మనవాళ్ళు మరిచిపోయే సంగతి ఒకటుంది. కాలికి ఏ జబ్బూ లేదు. కండ, ఎముక అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. కదలమని కాలికి కబురు పంపే చోట దెబ్బ తగిలింది. అందుకే పావురం నెత్తురు రాసినా, ఎంత ఖరీదైన తైలంతో మర్దనా చేసినా ఆ కబురు రాదు. మర్దనాతో ఒంటికి కాస్త హాయిగా ఉంటే ఉండవచ్చు, దాన్ని కాదనను. కానీ కోలుకోవడమంటే మెదడులో బాగున్న భాగాలు కొత్త దారులు వేసుకోవడం. ఆ దారి నడిస్తేనే పడుతుంది. బడిలో పిల్లవాడికి పన్నెండో ఎక్కం ఎలా వస్తుందో ఇదీ అలాగే వస్తుంది. ఒకే పనిని సరైన పద్ధతిలో కొన్ని వందలసార్లు చెయ్యాలి.

అసలు విషయంలోకి వెళ్ళే ముందు ఒక హెచ్చరిక. మూతి వంకర పోయినా, చెయ్యి జారిపోయినా, మాట తడబడినా వెంటనే గడియారం చూసుకుని 108కి ఫోన్ చెయ్యండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి, అదీ స్కాన్ తీసి లోపల రక్తస్రావం లేదని తేలాకే. మన ప్రాంతంలో మామిడి కోతలు జరిగేది మండుటెండల్లో. తోటలో మనిషి కూలబడితే వడదెబ్బ అనుకుని నీడన పడుకోబెట్టి మజ్జిగ పడతారు. పక్షవాతమైతే మింగడం కూడా దెబ్బతిని ఉండవచ్చు, ఆ మజ్జిగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. విలువైన గంటలూ పోతాయి.

నేను రాయదలచింది ఆ తర్వాతి సంగతి. మనిషి బతికి ఇంటికొచ్చాడు. మొదటి పది రోజులు చుట్టాలతో ఇల్లు నిండి ఉంటుంది. ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు రెండు మూడు రోజులు వ్యాయామాలు చూపించి, బొమ్మలున్న కాగితం ఒకటి చేతిలో పెడతారు. ఆ కాగితం మందుల కవరులోనే ఉండిపోతుంది. రెండు నెలలు గడిచాక "ఆయనకిక ఇంతే" అనే మాట ఇంట్లో స్థిరపడుతుంది. ఆ మాట మరీ త్వరగా పడిపోతోందని నా అభిప్రాయం. ఎందుకంటే ఖర్చు లేని ఒక సాయం మనం వాడుకోవడం లేదు. అదే లయ.

పెళ్ళి ఊరేగింపులో బ్యాండు మోగితే పక్కన నిలబడ్డ పిల్లల కాళ్ళు వాటంతటవే ఆడతాయి. ఎవరూ నేర్పరు. చెవిన పడ్డ దెబ్బకూ కాలి కదలికకూ మెదడులో దగ్గరి దారులున్నాయి. లయ వింటున్నప్పుడు మనిషి కదలకుండా కూర్చున్నా, మెదడులో కదలికను నడిపే భాగాలు మేలుకుంటాయని స్కాన్లలో చూశారు. పైగా సమానంగా పడే దెబ్బకు ఒక గుణముంది: తర్వాతి దెబ్బ ఎప్పుడు పడుతుందో మనకు ముందే తెలుస్తుంది. దాంతో కాలు ముందే సిద్ధమవుతుంది.

పక్షవాతం వచ్చిన మనిషి నడక చూడండి. పడిపోయిన కాలు మీద బరువు మోపడానికి భయం. దాని మీద ఇలా నిలబడి అలా దిగిపోతాడు, బాగున్న కాలి మీద ఎక్కువసేపు ఉంటాడు. అందుకే అడుగులు కుంటుతూ, ఒకటి పొడుగ్గా ఒకటి పొట్టిగా పడతాయి. సమానమైన దెబ్బ వినిపిస్తూ ఉంటే రెండు కాళ్ళకూ సమానమైన వ్యవధి దొరుకుతుంది. అమెరికాలోని కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో మైకేల్ థాట్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1990ల నుంచి దీన్ని పద్ధతిగా పరీక్షించారు. 1997లో అచ్చయిన అధ్యయనంలో ఉన్నది 20 మందే. ఆరు వారాలపాటు సగం మంది మామూలు నడక సాధన చేశారు, సగం మంది లయతో చేశారు. లయతో నడిచినవారి వేగమూ అడుగు పొడవూ ఎక్కువ మెరుగుపడ్డాయి. 2007లో 78 మందితో మూడు వారాలు చేసినప్పుడు కూడా లయదే పైచెయ్యి అయింది.

దీన్ని ఎలా చెయ్యాలో ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి నేర్చుకోవాలి. అసలు పద్ధతి ఇదీ. ముందు మనిషిని తనకు వీలైన వేగంతో నడవనిచ్చి నిమిషానికి ఎన్ని అడుగులు వేస్తున్నాడో లెక్కపెట్టాలి. 50 వేశాడనుకుందాం. దెబ్బ కూడా నిమిషానికి 50 ఉండాలి. ఫోనులో మెట్రోనోమ్ అనే ఉచిత యాప్ ఉంటుంది, గోడ గడియారంలా టక్ టక్ మంటుంది, అంకె మార్చుకోవచ్చు. మొదట ఏదో ఒకటి పట్టుకుని నిలబడి, దెబ్బకొకసారి బరువు ఈ కాలి నుంచి ఆ కాలికి మార్చడం. తర్వాత నడక. కొన్ని రోజులకు ఆ లయలో అడుగు స్థిరపడితే వంద దెబ్బలకు ఐదు చొప్పున పెంచాలి, అంటే 50 నుంచి 52 లేదా 53కి. ప్రతి రోజూ చివర్లో కాసేపు శబ్దం ఆపేసి నడిపించాలి, లయ లోపల నిలిచిందో లేదో అప్పుడు తెలుస్తుంది.

ఇంట్లోవాళ్ళు పొరపాటు పడేది వేగం దగ్గరే. హుషారు కోసం కుర్రాళ్ళు సినిమా పాట పెడతారు. ఆ పాట దెబ్బలు నిమిషానికి 110, 120 ఉంటాయి. నిమిషానికి 50 అడుగులు వేసే మనిషి దాన్ని అందుకోబోతే పడిపోతాడు. పడితే తుంటి ఎముక విరగవచ్చు, ఆపైన నడక సంగతి మళ్ళీ మొదటికొస్తుంది. పడిపోయిన కాలి వైపునే ఒక మనిషి ఆనుకుని నడవాలి. కళ్ళు తిరిగినా, ఆయాసం వచ్చినా ఆపెయ్యాలి.

ఫోను లేకపోతే చప్పట్లు చాలు. చేతికర్రతో గచ్చు మీద తట్టినా చాలు. ఏక్, దో, తీన్, చార్ అని లెక్కపెట్టినా అదీ లయే. కళ్ళంలో ధాన్యం కొలిచేవారు ఒకటికి బదులు "లాభం" అని మొదలుపెట్టి, రెండు, మూడు అంటూ సాగదీసి లెక్కపెట్టడం మా చిన్నప్పుడు విన్నదే. గంటల తరబడి చెయ్యి అలవకుండా, లెక్క తప్పకుండా ఆ పాటే వాళ్ళను నడిపేది. ఆ లెక్క విన్న పెద్దాయన ఇంట్లో ఉంటే, మెట్రోనోమ్ కంటే ఆయనకు అదే బాగా పనికొస్తుందనుకుంటాను.

ఇక్కడ మనవాళ్ళలో వచ్చే ప్రశ్న నాకు తెలుసు: "సంగీతంతో వైద్యమా? మనకది తగునా?" వాద్యాల విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. దాని మీద తీర్పు చెప్పదగినదాన్ని నేను కాను, ఎవరి మనసుకు సందేహముంటే వారు తమ ఇమాము గారిని అడగాలి. ఒక్క విషయం మాత్రం గమనించండి. నేను పైన రాసిన నడక సాధనలో ఏ వాద్యమూ లేదు. చప్పట్లూ, చేతికర్రా, అంకెల లెక్కా ఉన్నాయి. ఈ సందేహం పేరు చెప్పి ఎవరి నడకనూ ఆపాల్సిన పని లేదు.

మన పూర్వీకులకు ఇది కొత్త కూడా కాదు. నాడి చూడడంలో సంగీతపు లెక్క లాంటిది ఉందని ఇబ్న్ సీనా తన అల్ ఖానూన్ గ్రంథంలో రాశారు. టర్కీలోని ఎదిర్నె పట్టణంలో సుల్తాన్ రెండవ బాయజీద్ 15వ శతాబ్దం చివర కట్టించిన దారుష్షిఫాలో రోగుల కోసం పది మంది గాయకులూ వాద్యకారులూ వారానికి మూడు రోజులు వచ్చేవారని యాత్రికుడు ఎవ్లియా చెలెబి 17వ శతాబ్దంలో రాశాడు. ఆ కట్టడం ఇప్పుడు ఆరోగ్య మ్యూజియంగా ఉంది. అంత దూరం ఎందుకు, పనస చెక్కతో తయారయ్యే నూజివీడు వీణకు పేరు తెచ్చిన చేతుల్లో మనవాళ్ళ చేతులున్నాయి. నాదస్వరంలో షేక్ చినమౌలానా గారికి 1977లో, బుర్రకథలో షేక్ నాజర్ గారికి 1986లో పద్మశ్రీ వచ్చింది. బుర్రకథలో కథకుడు అన్నదాన్ని వంతలు అందుకునే తీరును గుర్తుపెట్టుకోండి, మాట దగ్గర అది మళ్ళీ పనికొస్తుంది.

మాట పోవడం కాలు పోవడం కంటే కష్టమని నా అనుభవం. మా బంధువుల్లో ఒక పెద్దాయన మామిడి మండీలో కాంటా దగ్గర పని చేసేవారు. పక్షవాతం తర్వాత ఆయనకు మంచినీళ్ళు అడగడం రాలేదు, కొడుకు పేరు పలకడం రాలేదు. కానీ అన్నం ముందు కూర్చోగానే బిస్మిల్లాహ్ అనేవారు. సూరా ఫాతిహా మొదటి మాట ఎవరైనా అందిస్తే చివరిదాకా చదివేవారు. ఇంట్లో కొందరు దాన్ని అద్భుతమనుకున్నారు. కొందరు మరోలా అన్నారు: "అంత సూరా చదవగలిగినవాడు నీళ్ళు అడగలేడా? కావాలనే మొండికేస్తున్నాడు." ఆ రెండో మాట ఆయన చెవిన పడింది. అర్థం చేసుకునే శక్తి ఆయనకు చెక్కుచెదరలేదు, అందుకే కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి.

మొండితనం కాదది. 1861లో ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా, "టాన్" అనే ఒక్క ముక్క తప్ప మరేమీ పలకలేని రోగి మెదడును అతను చనిపోయాక పరీక్షించి, ఎడమ మెదడు ముందు భాగంలో దెబ్బ చూపించాడు. ఆలోచనకు తగిన మాట వెతికి, కూర్చి పలికించే పని చాలామందిలో ఎడమ వైపే జరుగుతుంది. కానీ చిన్నప్పటి నుంచి వేలసార్లు పలికి కంఠస్థమైనవి వేరే దారిలో వస్తాయి. వారాల పేర్లు, అంకెలు, ఎక్కాలు, దుఆలు, పాటలు ఆ దారివే. స్వీడన్‌లో 18వ శతాబ్దంలోనే ఓలోఫ్ దాలిన్ అనే ఆయన, కుడి పక్క పడిపోయి మాట పోయిన మనిషి ప్రార్థన గీతాలు మాత్రం స్పష్టంగా పాడుతున్నాడని రాశాడు. కాబట్టి సూరా వచ్చినంత మాత్రాన మాట తిరిగి వచ్చినట్టు కాదు. నోరు, నాలుక, గొంతు పని చేస్తున్నాయనీ, ఒక దారి ఇంకా తెరిచే ఉందనీ దానికి అర్థం. ఆ దారి నుంచి "నీళ్ళు కావాలి" దాకా ఎలా రావాలన్నదే అసలు ప్రశ్న.

అమెరికాలోని బోస్టన్‌లో అల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ అనే ముగ్గురు 1973లో ఒక పద్ధతి ప్రకటించారు. పాట పాడించడం కాదది, రోజువారీ మాటనే కాస్త రాగం తీసి, అక్షరానికొక తట్టు చొప్పున పలికించడం. వీధిలో రసాలమ్మే మనిషి కేకలోలా ఒక ఎత్తు స్వరం, ఒక పల్లం స్వరం చాలు. రోగి ఎడమ చెయ్యి మీద, లేదా ఆ చేతితో బల్ల మీద అక్షరానికొకసారి తట్టాలి. నీ-ళ్ళు-కా-వా-లి, ఐదు తట్లు. ఇంట్లో ఉర్దూ అయితే పా-నీ-హో-నా, నాలుగు. మొదట పక్కవారు మాట లేకుండా రాగం మాత్రం తీస్తూ తట్టాలి. తర్వాత ఇద్దరూ కలిసి పలకాలి. ఆ తర్వాత పక్కవారు సగంలో ఆగిపోతే రోగి పూర్తి చెయ్యాలి. అది కుదిరాక పక్కవారు ఒకసారి అని ఊరుకుంటే రోగి ఒక్కడే అనాలి. చివరికి "ఏం కావాలి?" అని అడిగితే జవాబుగా రావాలి. బుర్రకథ వంతల పనే ఇదీ. వారాలు గడిచేకొద్దీ రాగం తగ్గించి మామూలు మాటలోకి దించాలి.

తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి గనుక అక్షరం అక్షరంగా తట్టడానికి అనువుగా ఉంటాయి. అన్నం, మాత్ర, నొప్పి, బాత్రూమ్, చాలు, వద్దు లాంటి పది పన్నెండు అవసరమైన మాటలు ఎంచుకుని వాటి మీదే నెల రోజులు పని చెయ్యాలి. మా బడిలో కొత్తగా చేరిన పిల్లకు ఒకేసారి యాభై ఆరు అక్షరాలు చెబితే ఒక్కటీ నిలవదు, ఇదీ అంతే. ఖుర్ఆన్ ఆయతులను మాత్రం ఇలా ముక్కలు చేసి తట్టించకండి. దాని గౌరవం దానికుంది, పైగా ఎలాగూ అవి సొంతంగానే వస్తున్నాయి. సాధన కావలసింది రోజువారీ మాటలకు.

ఇందులో పని చేసేది రాగమా, లయా? చాలాకాలం రాగమే అనుకున్నారు. జర్మనీలో స్టాల్, కోట్జ్ తదితరులు 17 మంది రోగులతో చేసి 2011లో ప్రకటించిన అధ్యయనంలో, పాడడం వల్ల ప్రత్యేకంగా ఒరిగింది పెద్దగా కనిపించలేదు. లయా, మాట ఎంత అలవాటైనదన్నదీ ఎక్కువ పని చేశాయి. ఈ చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. మనకు మాత్రం ఇది మంచి కబురే. గొంతు బాగాలేని కోడలు కూడా తట్టగలదు.

ఈ పద్ధతి అందరికీ కాదు. చెప్పింది అర్థమవుతూ, మాట మాత్రం పెగలనివారికే ఇది నప్పుతుంది. గడగడా మాట్లాడుతూ అర్థం లేని మాటలు పలికేవారికీ, ఎదుటివారి మాట అర్థం కానివారికీ వేరే చికిత్స కావాలి. ఏ రకమో స్పీచ్ థెరపిస్టు తేల్చాలి.

ఏ భాషలో సాధన చెయ్యాలన్నది మన ఇళ్ళల్లో నిజమైన సమస్య. అబ్బాకు ఉర్దూ, బజారులో తెలుగు, మనవళ్ళకు ఇంగ్లీషు మీడియం. ఒక్క భాషలోనే మాట్లాడితే తొందరగా కోలుకుంటాడని ఎవరో ఒకరు చెబుతారు. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో స్ట్రోక్ వచ్చిన 608 మందిని సువర్ణ అల్లాడి, సుభాష్ కౌల్ తదితర వైద్యులు పరిశీలించారు. రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు వచ్చినవారిలో 40.5 శాతం మందికి తెలివితేటలు మామూలుగా నిలిచాయి, ఒకే భాష వచ్చినవారిలో 19.6 శాతం మందికే నిలిచాయి. మాట పోవడంలో మాత్రం రెండు గుంపుల మధ్య తేడా లేదు. అంటే రెండో భాష మెదడుకు బరువేమీ కాలేదు. ఆయన ఏ మనిషితో ఏ భాష మాట్లాడేవారో ఆ మనిషి ఆ భాషలోనే సాధన చేయించడం మేలని నాకు తోస్తుంది.

చేతి సంగతి క్లుప్తంగా చెబుతాను. జర్మనీలోని హనోవర్‌లో పియానో మెట్లూ డప్పు పలకలూ వాయించి చేతి సాధన చేయించారు, చెయ్యి కదలిక మెరుగైంది. అందులో కిటుకు శబ్దమే. చెయ్యి సరిగ్గా పడితే మోగుతుంది, లేకపోతే మోగదు, ఎవరూ చెప్పక్కర్లేదు. బోర్లించిన స్టీలు గ్లాసులు నాలుగు వేరువేరు దూరాల్లో పెట్టి తట్టమన్నా ఆ సూచన దొరుకుతుంది.

వినడం గురించి కూడా అడుగుతారు. ఫిన్లండ్ రాజధాని హెల్సింకీలో టెప్పో సర్కమో బృందం 60 మంది రోగులను తీసుకుంది. ఒక గుంపు తమకిష్టమైన పాటలు రోజుకు కనీసం గంట చొప్పున రెండు నెలలు విన్నది, ఒక గుంపు చదివి రికార్డు చేసిన పుస్తకాలు విన్నది, మూడో గుంపుకు ఏదీ లేదు. మూడు నెలలకు మాటల జ్ఞాపకశక్తి మొదటి గుంపులో 60 శాతం, రెండో దానిలో 18 శాతం, మూడో దానిలో 29 శాతం మెరుగైంది. పాటలు విన్నవారిలో దిగులు కూడా తక్కువ. 2008లో వచ్చిన ఫలితాలివి. ఇష్టమైనవి ఎంచుకోవడం ఇందులో ముఖ్యం, మన పెద్దలకు అవి నాతులో కవ్వాలీలో కావచ్చు. పొద్దస్తమానం టీవీ మోగుతూ ఉండడం దీని కిందకు రాదు.

ఇవన్నీ చదివి లయ ఒక్కటే మందు అనుకోవద్దు. 2017లో కాక్రేన్ సంస్థ 29 అధ్యయనాలనూ, వాటిలోని 775 మందినీ కలిపి చూసింది. నడకకు మేలు ఉందని తేలింది, మాటకూ చేతికీ ఉండవచ్చని తేలింది, కానీ ఇంకా పెద్ద అధ్యయనాలు కావాలని రాసింది. అదే ఏడాది మన దేశంలో 14 ఆసుపత్రులు, 1250 మంది రోగులతో చేసిన మరో అధ్యయనం వచ్చింది. కుటుంబ సభ్యులకు శిక్షణ ఇచ్చి ఇంట్లోనే సాధన చేయించమన్నారు. ఆరు నెలల తర్వాత చూస్తే మామూలు వైద్యం పొందినవారికీ వీరికీ తేడా కనిపించలేదు. ఇది నన్ను కొంత నిరుత్సాహపరిచినా దాచడం మంచిది కాదు. ఇంటివాళ్ళ ప్రేమ ఒక్కటే చాలదనీ, తెలిసిన మనిషి పర్యవేక్షణ తరచుగా ఉండాలనీ దీని నుంచి నేను అర్థం చేసుకున్నాను. ఎవరో ఒకరు వచ్చి అంకె 50 నుంచి 53కి మార్చే సమయమైందో లేదో చూడాలి, పాదం పక్కకు తిరుగుతుంటే సరిచెయ్యాలి.

మన సొసైటీ పని ఇక్కడే ఉందని నా మనవి. ఆపరేషనుకు డబ్బు అడిగితే రంజాన్‌లో చేతులు ధారాళంగా ముందుకొస్తాయి, రసీదు కూడా కనిపిస్తుంది. ఆరు నెలలపాటు వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి వెళ్ళే ఆటో ఖర్చు ఎవరూ అడగరు, ఎవరూ ఇవ్వరు. కూలి మానుకుని తోడు వెళ్ళాల్సిన కొడుకు నాలుగోసారికి మానేస్తాడు. సదకా నిధిలో కొంత భాగాన్ని ఈ ప్రయాణాలకూ, లేదా నెలకు రెండు రోజులు ఒక ఫిజియోథెరపిస్టును మన ఊరికి పిలిపించడానికీ కేటాయించవచ్చు. జకాతు సొమ్ము దీనికి ఎంతవరకు వాడవచ్చో పెద్దలు చెప్పాలి. స్పీచ్ థెరపిస్టు కోసం విజయవాడ వెళ్ళాలంటే ఒక పూట పోతుంది, రెండు మూడు కుటుంబాలు కలిసి ఒకే బండిలో వెళ్ళే ఏర్పాటు కూడా ఆలోచించదగ్గదే.

ఫిజియోథెరపిస్టు మొదటిసారి వచ్చినప్పుడు "ఆయన ఎక్కడికి నడవాలనుకుంటున్నారు?" అని అడుగుతారు. దానికి జవాబు ముందే సిద్ధం చేసుకోండి. ఇంటి గుమ్మం నుంచి మసీదు వరకు ఎన్ని అడుగులో బాగున్న మనిషి ఒకసారి నడిచి లెక్కపెట్టి, కాగితం మీద రాసి గోడకు అంటించండి. దాని కింద రోజూ ఆయన వేసిన అడుగులు రాస్తూ పోండి.